టీకా అడిగే ముందు తీర్చాల్సిన బాకీ

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి వచ్చిన ఏఎన్‌ఎమ్‌లకు, ఆశా కార్యకర్తలకు, నర్సింగ్ విద్యార్థులకు నమస్కారం.

టీకా వేయించుకోవడం పౌరుడి బాధ్యతా కాదా, దాన్ని తప్పనిసరి చేసే అధికారం ప్రభుత్వానికి ఉందా లేదా అన్న ప్రశ్నతోనే సాధారణంగా ఈ చర్చ మొదలవుతుంది. నేను రెండో కొస నుంచి మొదలుపెడతాను. ఏ జబ్బూ లేని మనిషిని, అందులోనూ నోరు లేని పసిబిడ్డను, సూది పొడిపించుకోమని అడుగుతున్న ప్రభుత్వం ఆ మనిషికి ముందుగా ఏమేం బాకీ పడి ఉంది? ఆ బాకీ తీర్చనంతవరకు నిర్బంధం గురించి మాట్లాడే నైతిక అర్హత దానికి రాదని నా అభిప్రాయం.

బాధ్యత లేదని నేను అనడం లేదు. తట్టు (మీజిల్స్) ఒక ఊళ్లో వ్యాపించకుండా ఆగాలంటే నూటికి సుమారు తొంభై ఐదుగురికి రక్షణ ఉండాలి. టీకా వయసు రాని పసికందు, క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లవాడు పక్కింటి పిల్లల టీకా మీద ఆధారపడే బతుకుతారు. కాబట్టి ‘నా ఒళ్లు నా ఇష్టం’ అన్న ఒక్క మాటతో ఈ చర్చ ముగియదు.

అయితే ఆ బాధ్యతను సాకుగా తీసుకుని అధికారం ఎంత దూరం పోగలదో చరిత్రలో చూశాం. అమెరికాలో హెన్నింగ్ జాకబ్‌సన్ అనే మతబోధకుడికి, మశూచి టీకా వేయించుకోనన్నందుకు, ఐదు డాలర్ల జరిమానా పడింది. ఆ జరిమానా సరైనదేనని 1905లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు చిన్నదే, జరిమానా ఇంకా చిన్నది. కానీ 1927లో ‘మందబుద్ధి’ అని ముద్ర వేసిన కారీ బక్ అనే యువతికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని సమర్థించినప్పుడు అదే కోర్టు ఆధారంగా చూపింది ఈ టీకా తీర్పునే. మన దగ్గర ఎమర్జెన్సీ రోజుల్లో, ఒక్క ఏడాదిలోనే అరవై లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎన్ని ఇష్టపూర్వకమో ఆనాటి పెద్దలను అడిగితే చెబుతారు. ఆ భయం తర్వాత చాలా ఏళ్లపాటు ఆరోగ్య సిబ్బందిని గుమ్మం దగ్గరే ఆపింది.

మన సుప్రీంకోర్టు 2022 మే 2న, కోవిడ్ టీకాల కేసులో, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం ద్వారా, ఈ విషయంలో నాకు సమంజసంగా తోచే గీత ఒకటి గీసింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదు, అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన శరీర స్వేచ్ఛకు సంబంధించిన విషయం. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం కొన్ని ఆంక్షలు పెట్టవచ్చు గానీ, అవి ముప్పుకు తగిన మోతాదులో ఉండాలి. టీకా వేయించుకోనివారి వల్లే వ్యాప్తి ఎక్కువని చూపే ఆధారం తమ ముందుకు రాలేదు కనుక, అప్పటి ఆంక్షలు ఆ మోతాదుకు తగినవి కావని కూడా కోర్టు చెప్పింది. టీకా లేకపోతే పింఛను ఆగిపోతుందన్న మాట ఆ రోజుల్లో మన ఊళ్లలోనూ నోటి మాటగా తిరిగింది. అలా అన్నవాళ్లెవరూ కాగితం మీద రాసివ్వలేదు.

ఇక బాకీల సంగతి. మొదటిది, నిజం చెప్పడం. ఉమ్మడి రాష్ట్రంలో, 2009లో, ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వయసు ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును గుర్తుచేస్తాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా అది, మంచి టీకా. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలు వచ్చాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకాతో బహుశా సంబంధం లేదని విచారణలో తేలింది. అయినా అసలు తప్పు వేరే చోట బయటపడింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలవి, 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి. సంక్షేమ హాస్టల్లో చదివే గిరిజన బాలిక తరఫున వార్డెన్ సంతకం పెడితే, కొండ మీద ఉన్న ఆమె తల్లికి కబురైనా అందిందా అన్నది ఎవరికీ తట్టలేదు. సీతంపేటలోనూ గుమ్మలక్ష్మీపురంలోనూ మన ఆశ్రమ పాఠశాలలున్నాయి కనుక ఇది పొరుగూరి కథ అనుకోవద్దు. వేలిముద్ర వేసే తల్లికి అర్థం కాదులే అనుకునే అధికారిని చూస్తే ‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అన్న సామెత గుర్తొస్తుంది. సవర తెగ తల్లికి ఆమె సవర భాషలో చెబితే అర్థమవుతుంది.

రెండో బాకీ, టీకాను మనిషి దాకా తీసుకెళ్లడం. ‘ప్రజల్లో అపోహలున్నాయి’ అన్న మాట సమీక్షా సమావేశాల్లో ఎక్కువగా వింటాం. నేను చూసినంతలో, మన ప్రాంతంలో డోసు తప్పిన బిడ్డల్లో చాలామందిని తల్లిదండ్రులు వద్దని ఆపలేదు. తండ్రి చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి ఉంటాడు, లేదా కుటుంబమంతా కూలి పనులకు చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్లి ఉంటుంది. కార్డు ఇక్కడ, బిడ్డ అక్కడ.

అంగన్‌వాడీ కేంద్రంలో ఒక శనివారం ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, వేదిక మీది పెద్దల కోసం చెబుతాను. మీజిల్స్-రుబెల్లా మందు పొడి రూపంలో ఉంటుంది. ద్రావణం కలిపాక నాలుగు గంటల్లో వాడకపోతే పారేయాలి. సీసాలో ఐదుగురికో పదిమందికో సరిపడా మందు ఉంటుంది. వచ్చింది ఒక్క బిడ్డ. సీసా విప్పితే మిగతా మందు వృథా, నెలాఖరు లెక్కల్లో అది కనిపిస్తుంది. విప్పకుండా ‘వచ్చే వారం రామ్మా’ అంటే, గెడ్డ (కొండవాగు) దాటి, రెండు పూటల కూలి వదులుకుని వచ్చిన ఆ తల్లి మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు, అది ఏ లెక్కలోనూ కనిపించదు. ఐస్‌ప్యాకులున్న డబ్బా పక్కన పెట్టుకుని ఏఎన్‌ఎమ్ ఒంటరిగా తీసుకునే ఈ నిర్ణయం, కోర్టుల్లో జరిగే వాదనలకంటే తక్కువ నైతిక ప్రశ్నేమీ కాదు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పాల్సిందే. వృథా అయిన మందు ఖర్చు ప్రభుత్వం భరించాలి, ఆమె మీద రాయకూడదు.

2021 మేలో పద్ధెనిమిది నుంచి నలభై నాలుగేళ్లవాళ్లకు కోవిడ్ టీకా కావాలంటే ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నారు. సిగ్నల్ కోసం చెట్టెక్కే ఊళ్లకు ఆ నియమం ఎలా వర్తిస్తుందో రాసినవాళ్లకే తెలియాలి.

మూడోది అన్నిటికంటే పాత బాకీ. ఏ టీకాకైనా అరుదుగా హాని ఉంటుంది. నోటి ద్వారా వేసే పోలియో చుక్కల వల్లనే, లక్షలాది డోసుల్లో ఒకసారి, బిడ్డకు పక్షవాతం రావచ్చని వైద్యశాస్త్రానికి ఎప్పటినుంచో తెలుసు. చుక్కల వల్లే ఈ దేశం పోలియో నుంచి బయటపడింది. సహజంగా వ్యాపించే పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. ఆ మేలు కోట్ల మందికి దక్కింది, నష్టం మాత్రం ఏ ఒక్క ఇంటికో మిగిలింది. అందరి కోసం నష్టపోయిన ఆ ఇంటికి అందరూ కలిసి చెల్లించడమే న్యాయం. బ్రిటన్ 1979లోనూ, అమెరికా 1986లోనూ ఇందుకు చట్టాలు చేసుకున్నాయి. తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేకుండానే పరిహారం ఇచ్చే పద్ధతి అది. మన కేంద్ర ప్రభుత్వం మాత్రం, 2022 నవంబరులో, కోవిడ్ టీకా తర్వాత చనిపోయిన బాలికల తల్లిదండ్రుల కేసులో, పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చని సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. టీకా వేయించుకోమని ఇంటింటికీ వచ్చి అడిగిన ప్రభుత్వం, నష్టం జరిగినప్పుడు కోర్టు మెట్లెక్కమనడం నాకు ఎంతమాత్రం మింగుడుపడదు.

పరిహారం సంగతి తేలాలంటే ముందు నష్టం నమోదు కావాలి. టీకా తర్వాత బిడ్డకు ఫిట్స్ వచ్చాయని రాసిన ఏఎన్‌ఎమ్‌కు మొదటి జవాబుగా సంజాయిషీ నోటీసు వస్తే, రెండోసారి ఆమె రాయదు. దుష్ప్రభావాల నివేదికలను, వ్యక్తుల వివరాలు బయటపెట్టకుండా, అందరికీ అందుబాటులో ఉంచాలని సుప్రీంకోర్టు అదే 2022 తీర్పులో ఆదేశించింది. ఆ వివరాలు మన మూడు జిల్లాల్లో మండలాలవారీగా, తెలుగులో, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీదా అతికించాలని, నివేదిక రాసిన సిబ్బంది మీద విచారణ పూర్తికాకముందే చర్య తీసుకోకూడదని కోరుతూ, ఈ సభ తరఫున ముగ్గురు కలెక్టర్లకూ తీర్మానం పంపుదామని ప్రతిపాదిస్తున్నాను.