దాదర్‌లో దిగాలంటే ముందు స్టేషన్‌లోనే లేవాలి

అందరికీ నమస్కారం.

ఒక్కదాన్నే ఊళ్లు తిరుగుతానని తెలిసి, మీ మేడం నన్ను బొంబాయి గురించి మాట్లాడమన్నారు. పాలమూరులో నిలబడి బొంబాయి గురించి చెప్పడమంటే కొంచెం మొహమాటమే. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఏ వాడకు పోయినా అక్కడ మట్టిపనికో సెంట్రింగ్ పనికో పోయొచ్చినవాళ్లు కనిపిస్తారు. మీ ఇళ్లల్లోనూ ఉంటారు. నేను పోయింది చూడడానికి, అదీ తిరుగు టికెట్ చేతిలో పెట్టుకుని. ఆ తేడా మనసులో పెట్టుకుని వినండి.

నాంపల్లిలో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తాండూరు, వాడి, షోలాపూర్ మీదుగా తెల్లవారుజాముకు బొంబాయి చేరుస్తుంది. దిగేది సీఎస్‌ఎంటీలో, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో. 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టిన స్టేషన్. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. బయట నిలబడి అందరూ ఫోటో దిగుతారు, నేనూ దిగాను. దాని గురించి ఇంతకంటే చెప్పను, ఫోన్లో చూసుకోవచ్చు.

చెప్పాల్సింది లోకల్ బండి గురించి. మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు 1853 ఏప్రిల్ 16న ఈ దారిలోనే నడిచింది, ఇప్పటి సీఎస్‌ఎంటీ దగ్గరున్న బోరీబందర్ నుంచి ఠాణాకు, 34 కిలోమీటర్లు. ఆడవాళ్ల పెట్టె ఎక్కాను. ముగ్గురు కూర్చునే సీటులో నాలుగో మనిషికి అంచు మీద చోటివ్వడం అక్కడ మామూలే. "జరా సర్‌కో" అంటే చాలు, మొహం కూడా చూడకుండా జరుగుతారు. నా ఎదురుగా ఒకామె ఒళ్లో పేపరు పరుచుకుని మెంతికూర తెంపుతోంది. ఆకులు కవర్లోకి, కాడలు పేపర్లోకి. బండి ఎంత ఊగినా ఒక్క ఆకు కింద పడలేదు. ఇంటికి చేరేసరికి సగం వంట పని అయిపోవాలి కదా!

ఇంతలో వెనక నుంచి ఎవరో భుజం తట్టి "దాదర్?" అన్నారు. దాదర్ ఇంకా రాలేదు. కానీ అక్కడ దిగేవాళ్లు ముందు స్టేషన్ నుంచే తలుపు వైపు వరస కడతారు. ప్లాట్‌ఫాం ఏ వైపు వస్తుందో రోజూ తిరిగేవాళ్లకు తెలుసు. ఈ విషయం ఏ బోర్డు మీదా రాసి ఉండదు. దిగాక ఇంకో తిప్పలు. దాదర్‌లో వెస్టర్న్, సెంట్రల్ లైన్లు కలుస్తాయి. ఇదివరకు రెండింటికీ వేర్వేరుగా ఒకటో నంబరు ప్లాట్‌ఫాం ఉండేది. కొత్తవాళ్ల టెన్షన్ ఊహించుకోండి. 2023 డిసెంబర్‌లో సెంట్రల్ వైపు నంబర్లు 8 నుంచి మొదలయ్యేలా మార్చారు.

ఆటో కోసం చూస్తే ఒక్కటీ లేదు. బాంద్రా, సయాన్ దాటి దక్షిణానికి ఆటోలను రానివ్వరు, టాక్సీలే దిక్కు. డ్రైవర్ అడక్కుండానే మీటర్ వేశాడు, దిగాక చిల్లర చేతిలో పెట్టాడు. హైదరాబాద్‌లో ఆటోవాళ్లతో బేరమాడి గొంతు పోగొట్టుకున్నదాన్ని, నాకు నమ్మబుద్ధి కాలేదు.

పెద్ద ఊర్లో ఎవరూ ఎవరినీ పట్టించుకోరంటారు. నేనొప్పుకోను. మన బస్టాండ్‌లో ఆడపిల్ల ఒక్కతే దారి అడిగితే ఎవరి బిడ్డవు, ఏ ఊరు, పెళ్లయిందా, ఒక్కదానివే ఎందుకొచ్చినవు, ఇవన్నీ అయ్యాకే దారి చెప్తారు. అక్కడ చెయ్యి చూపించి ఒక్క మాటలో చెప్పి, తమ బండి కోసం పరుగెత్తుతారు. పట్టించుకున్నట్టే కదా! అలాగని పూర్తిగా హాయి అనీ అనను. రెండు మూడు రోజులకు, ఏ ఊరమ్మా మీది అని ఎవరైనా అడిగితే బాగుండు అనిపించింది.

తిరిగొచ్చాక ఇదంతా మా పక్కింటి పెద్దమ్మకు గొప్పగా చెప్పాను. వయసులో ఉన్నప్పుడు కుర్లా దగ్గర బిల్డింగ్ పనులకు పోయిన మనిషి. ఆమెకు చదువు రాదు. బోర్డులు చదవకుండా ఎట్ల తిరిగినవు పెద్దమ్మా అంటే, "సదువు లేకుంటేంది బిడ్డా, నోరు లేదా? అడుగుకుంట పోయినం" అంది. ఆ వెంటనే కుర్లా, సయాన్, మాటుంగా, దాదర్ అని ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేసింది. నేను ఫోన్లో మ్యాప్ పెట్టుకుని కూడా తడుముకున్న దారి అది.

వచ్చేసారి మీ మేడం నన్ను కాదు, ఆమెను పిలవాలి. ఇక మీరడగండి. బస్సుకు టైమైనవాళ్లు మొహమాటపడకుండా లేవచ్చు.