ఫ్లాట్‌లైన్‌కి షాక్ ఇవ్వరు | అమెరికన్ మెడికల్ డ్రామాల రివ్యూ

మానిటర్ మీద గీత సాపుగా అయిపోతుంది. డాక్టర్ ప్యాడిల్స్ (గుండెకు షాక్ ఇచ్చే పలకలు) తీసి "క్లియర్" అని అరుస్తాడు. ఒక్క షాక్, పేషెంట్ కళ్లు తెరుస్తాడు. ఈ సీన్ చూడనివాళ్లు ఉండరు. కానీ ఆ పద్ధతే తప్పండి.

గీత సాపుగా ఉందంటే గుండెలో కరెంటే లేదు. షాక్ పనికొచ్చేది ఆ కరెంటు చెల్లాచెదురుగా కొట్టుకుంటున్నప్పుడు, అంటే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ లాంటివాటిలో. ఆ గందరగోళాన్ని ఒక్కసారి ఆపితే గుండె తన లయ తాను అందుకోవచ్చు. ఆపడానికి ఏమీ లేనప్పుడు షాక్ దేనికి? అప్పుడు ఛాతీ నొక్కుతూనే ఉంటారు, 3 నుంచి 5 నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్ మందు) ఇస్తారు, ఈలోపు కారణం వెతుకుతారు: పొటాషియం పెరిగిందా, రక్తం పోయిందా, ఆక్సిజన్ అందలేదా అని.

ఆ నొక్కడం కూడా గమనించండి. డ్రామాలో మోచేతులు వంగుతుంటాయి. బతికున్న నటుడి ఛాతీని గట్టిగా నొక్కలేరు, అది అర్థం చేసుకోవచ్చు. అసలు పద్ధతిలో చేతులు నిటారుగా ఉండాలి, ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. పక్కటెముకలు విరగడం మామూలే. 2 నిమిషాలకు మనిషి మారాలి, లేదంటే అలసటతో లోతు తగ్గిపోతుంది. టీమ్ లీడర్ నొక్కడు, పక్కన నిలబడి మొత్తం చూస్తుంటాడు. ఏ మందు ఏ నిమిషానికి వెళ్లిందో ఒకరు రాస్తుంటారు. ఆ రాసే మనిషి తెరమీద ఎప్పుడూ కనబడరు.

1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధనలో ఈఆర్, చికాగో హోప్, రెస్క్యూ 911 అనే టీవీ షోల ఎపిసోడ్లు 97 చూశారు. వాటిలోని 60 సీపీఆర్‌లలో (ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే ప్రయత్నాల్లో) 75 శాతం అప్పటికప్పుడు ఫలించాయి. నిజంగా అమెరికాలో ఆస్పత్రి బయట గుండె ఆగితే ప్రాణాలతో డిశ్చార్జి అయ్యేది సుమారు పది మందిలో ఒకరు. పల్స్ తిరిగొచ్చినా చాలామందికి స్పృహ రాదు, వెంటిలేటర్ మీద ఐసీయూకి వెళ్తారు. "సీపీఆర్ చేయమంటారా" అని అడిగినప్పుడు కుటుంబం మనసులో మాత్రం తెరమీద చూసిందే ఉంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇక హౌస్ అనే సిరీస్. డాక్టర్లే ఎంఆర్ఐ తీస్తారు, డాక్టర్లే ల్యాబ్ టెస్టులు చేస్తారు, పేషెంట్ ఇల్లు కూడా సోదా చేస్తారు. అసలు స్కాన్ తీసేది టెక్నాలజిస్టు, చదివేది రేడియాలజిస్టు. బ్లడ్ కల్చర్‌లో క్రిమి పెరగడానికే తరచూ ఒకటి రెండు రోజులు, ఏ మందు పనిచేస్తుందో తేలడానికి ఆపైన ఇంకో రోజు. ఇది తెలియకపోతే రిపోర్ట్ ఆలస్యాన్ని నిర్లక్ష్యం అనుకుంటాం. ఐవీ పంపు (నరంలోకి మందు పంపే యంత్రం) సర్దుతూ, మందులిస్తూ పేషెంట్ పక్కనుండేది నర్సు. ఈ సిరీస్‌లో ఆమె గుమ్మం దగ్గర నీడ.

2005లో మొదలైన గ్రేస్ అనాటమీ తొలి ఎపిసోడ్‌లో ఇంటర్న్‌లకు 48 గంటల షిఫ్ట్. అప్పటికే, 2003 నుంచి, ఇంటర్న్‌లతో సహా రెసిడెంట్లకు (శిక్షణలో ఉన్న డాక్టర్లకు) వారానికి సగటున 80 గంటలు, ఏకబిగిన 24 గంటలు, ఆపైన మహా అయితే 6 గంటలని అప్పట్లో నిబంధన ఉండేది.

2025లో వచ్చిన ది పిట్ చాలా నయం. ఒక షిఫ్ట్, గంటకో ఎపిసోడ్. వార్డులో బెడ్ దొరక్క ఎమర్జెన్సీలోనే ఆగిపోయిన పేషెంట్లు, నిండిపోయిన వెయిటింగ్ రూమ్, పనిని నడిపించే ఛార్జ్ నర్సు, అన్నీ కనిపిస్తాయి. లోపమల్లా అరుదైన కేసులన్నీ ఆ ఒక్క షిఫ్ట్‌లోనే రావడం. కంప్యూటర్ ముందు నోట్స్, ఆర్డర్లు, డిశ్చార్జి సమ్మరీలు రాసే గంటలకు ఇందులోనూ చోటు తక్కువే. అయినా ఒక్కటే చూడాలంటే ఇదే చూడండి.