అల్లుడు తెచ్చిన కొండ ద్రాక్ష సీసా

యాంకర్: నమస్తే, ద్రాక్ష గురించి మీ సందేహాలకి జవాబు చెప్పే సార్ మనతో ఉన్నారు. లైన్లో ఎవరు, చెప్పండి.

కాలర్: నమస్తేమ్మా, కళ్యాణదుర్గం కాడి నుంచి మాట్లాడ్తాండా. మాకు మూడెకరాల ద్రాక్ష తోట ఉండాది. మా అల్లుడు ఫ్రాన్సులో లియోన్‌లో పనిచేస్తాడు, సెలవుల్లో అక్కడ ఒక కొండకి ద్రాక్ష కోతకి పోయి, సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కొండ రెడ్ వైన్ ఒక సీసా తెచ్చిచ్చినాడు, మీద 2014 అని ఉండాది. దసరాకి ఆయప్ప వచ్చినాక తెరుద్దామని బీరువా మీద పెట్టినా. ఇప్పుడు చూస్తే అడుగున నల్లగా మడ్డి దిగింది, చెడిపోయిందా సార్?

సార్: మడ్డికి భయపడొద్దన్నా, పాత రెడ్ వైన్‌లో రంగూ వగరూ కలిసి అడుక్కి దిగుతాయి, తాగినా ఏం కాదు. సీసా మీద ఏ పేరుంది?

కాలర్: ఎర్మితాజ్ అంట, కింద బెస్సార్ అని ఉందని అల్లుడు చదివి చెప్పినాడు.

సార్: అబ్బ, మంచి చోటన్నా అది! రోన్ నది ఒడ్డున ఉంటుంది ఆ కొండ, మొత్తం కలిపినా దాదాపు 340 ఎకరాలే, అందులో ఒక్కో చెక్కకి ఒక్కో పేరు. బెస్సార్ పడమటి పక్క, మీ గుట్టల్లో ఉండే రాయి మాదిరే గ్రానైట్. రాళ్లు పేర్చి గట్లు కట్టి, మనలాగ పందిరి ఎక్కియ్యకుండా మొక్కకొక కట్టె పాతి తీగ కడతారు, ఆ ఏటవాలుకి ట్రాక్టర్ ఎక్కదు కాబట్టి కోతంతా చేతులతోనే. పండు సిరా అనే రకం, చిన్న కాయ, రంగంతా తోలులోనే ఉంటుంది.

కాలర్: మా గుట్ట మీద అదే పెడితే రాదా సార్?

సార్: సిరా మన దేశంలో నాసిక్ పక్క, నంది కొండల పక్క పండిస్తాండారు. కానీ ఆ రుచి రాదన్నా. అక్కడ చలికి తీగ నిద్రపోతుంది, ఏడాదికి ఒక్క ప్రూనింగే. మనకి తీగ నిద్రే పోదు, ఏప్రిల్లో ఒకసారి, అక్టోబర్లో ఒకసారి కత్తిరించాల్సిందే, అది మీకు తెల్సిందే కదా. మన పండు ఎండల్లోకి పోతా మాగుతుంది, తీపి గబగబా ఎక్కుతుంది, పులుపు పడిపోతుంది. సరే, ఆ బీరువా ఉండే రూము పైన ఏముంది?

కాలర్: రేకులు సార్.

సార్: అయ్యో. మే నెలంతా రేకుల కిందే ఉందా! దానికి 12, 15 డిగ్రీలు ఉండాల. ఒకసారి మూత తడిమి చూడండి, ఉబ్బిందా?

కాలర్: ఉండు సార్... లేసింది సార్, కొంచెం. మెడ మీద దారం మాదిరి ఒక చార, ఎండిపోయి జిగటగా ఉంది.

సార్: వేడికి వైన్ పొంగి కార్క్‌ని తోసింది, అందుకే కారింది. ఇంక దసరా దాకా ఆగొద్దన్నా. ఇప్పుడే ఫ్రిజ్‌లో నిలబెట్టండి, ఒక రోజు మడ్డి దిగనీండి, తాగే ముందు ఒక అరగంట బయట పెట్టి, కదిలించకుండా నిదానంగా ఒంపి, అడుగున వేలెడంత వదిలేయండి. ఉడికిన పండ్ల వాసన వస్తే పాడైనట్టే, రాకపోతే మీ అదృష్టం.

కాలర్: ఆయప్ప లేకుండా ఎట్ల తెరిచేది సార్, తన చేత్తో కోసిన కొండది...

సార్: వీడియో కాల్ పెట్టి తెరవండన్నా.

కాలర్: సరే సార్, రేపు ఆదివారమే కదా, ఇంట్లోనే ఉంటాడు. ఇప్పుడే ఫ్రిజ్‌లో పెడతాండా.