కొసలు కత్తిరించకండి

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీదున్న సి-90 క్యాసెట్ చూడండి. పైన బాల్ పెన్నుతో "రేడియో నాటకం" అని రాసి ఉంది, అంతే. ఏ నాటకమో, ఏ కేంద్రమో, ఏ సంవత్సరమో లేదు. అటకల మీద నుంచి దిగే క్యాసెట్లు చాలామటుకు ఇలాగే ఉంటాయి. ఇలాంటి పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి దాచుకోవడం ఎలాగో ఈ పూట చెబుతాను, అదంతా దీని చుట్టూనే.

సినిమా పాటల కోసం ఇంత శ్రమ అక్కర్లేదు, అవి కంపెనీల దగ్గర మనకంటే శుభ్రంగా ఉన్నాయి. మన దగ్గర మాత్రమే దొరికేవి వేరు: పాటకు ముందు అనౌన్సర్ చెప్పిన రెండు ముక్కలు, ఊళ్లో పట్టుకున్న బుర్రకథ, గల్ఫ్ నుంచి మాటల్లో వచ్చిన ఉత్తరం, రేడియో ముందు మైకు పెట్టి పట్టిన నాటకంలో కుక్కర్ కూత. వాటిని చెత్త అనుకుని కత్తిరించేవాళ్లే ఎక్కువ. టేపు తేదీ, సరైన స్పీడు బయటపడేది మాత్రం ఆ చెత్తలోంచే.

ప్లేయర్లో పెట్టకముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. టేపు కనిపించే అంచు కిందికి ఉండేలా పట్టుకోండి. పై అంచులో ఎడమ మూలనున్న ప్లాస్టిక్ పలక, మీకు ఎదురుగా ఉన్న వైపుది. రెండు వైపులవీ విరగ్గొట్టేయండి, పొరపాటున రికార్డ్ మీట నొక్కినా టేపు చెరగదు. తర్వాత కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. తెల్లని పొడి కనిపిస్తే అది బూజు, మన వానాకాలం పుణ్యం. దాన్ని అలాగే పెడితే ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కి, అక్కణ్నుంచి తర్వాతి క్యాసెట్‌కి అంటుకుంటుంది. వేరే డబ్బాలో సిలికా జెల్‌తో ఆరబెట్టండి, ముట్టుకునేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. ఇక టేపు వెనక చిన్న రాగిరేకు మీద అతికించిన ఫెల్ట్ ముక్క ఉందో లేదో చూడండి. టేపును హెడ్‌కి అదిమి పట్టేది అదే. జిగురు ఎండి అది ఊడిపోతే శబ్దం ముద్దగా, వచ్చీ రానట్టు ఉంటుంది, టేపే పాడైందనుకుంటాం. ఖాళీ క్యాసెట్ నుంచి తీసి మార్చండి. అయిదు స్క్రూల డబ్బా అయితే ఇది పది నిమిషాల పని. స్క్రూలు లేకుండా అతికేసిన డబ్బా అయితే అంచు వెంట బ్లేడుతో విప్పి, చుట్టలు రెంటినీ స్క్రూల డబ్బాలోకి మార్చాలి. తెగిన టేపుకు మామూలు సెల్లోటేపు వాడొద్దు. దాని జిగురు కారి పక్క పొరల్ని అంటిస్తుంది. స్ప్లైసింగ్ టేపే కావాలి.

ప్లేయర్ సంగతి. నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే చౌక ప్లేయర్లు కొనొద్దు. వాటి మోటారు ఊగుతుంది, తాన్‌పురా శ్రుతి వింటే తెలిసిపోతుంది. పాత క్యాసెట్ డెక్ ఒకటి సంపాదించి బెల్టులు మార్చుకోండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. పాత బెల్టు కరిగి జిగటైపోతే చక్రాల చుట్టూ దారం తిప్పి కొలిచి, దానికి అయిదు శాతం తక్కువ చుట్టుకొలత ఉన్నది తీసుకోవాలి. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, రబ్బరు రోలర్‌కి సబ్బునీళ్లు చాలు.

అందరూ వదిలేసేది, ఫలితం ఎక్కువిచ్చేది హెడ్ వాలు. ఒక ఇంట్లో రికార్డు చేసిన మెషీన్ హెడ్, మీ డెక్ హెడ్ ఒకే కోణంలో ఉండవు. అందుకే "స", "ష" అక్షరాలు మసకగా వినిపిస్తాయి. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ కనిపిస్తుంది. మొదట అది ఉన్న చోటు మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. టేపు నడుస్తుండగా అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవర్‌తో రవ్వంత తిప్పుతూ వినండి. "స" పదునెక్కిన చోట ఆపండి. మోనో టేపును స్టీరియో డెక్‌లో వింటుంటే ఇంకా ఖాయమైన పరీక్ష ఉంది: ఒక ఛానల్ తరంగాన్ని తలకిందులు చేసి (ఇన్వర్ట్) రెండోదానితో కలపండి. వాలు కుదిరిన చోట శబ్దం దాదాపు మాయమవుతుంది. ఇది కుదరకుండా రెండు ఛానళ్లనూ కలిపేస్తే పైస్థాయి శబ్దాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తేలేదు.

ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో తీగ గుచ్చకండి, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ వాడండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మీటరు మీద శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ అవుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌గా మారిస్తే బాగా తగ్గుతుంది. డెక్ మీద హిస్ (టేపు బుస) తగ్గించే డాల్బీ మీట ఆపేయండి. హిస్ తగ్గించే పని అసలు ఫైలు మీద చేయొద్దు, కాపీ మీదే చేసుకోండి.

ఇప్పుడు స్పీడు. బ్యాటరీలు నీరసించిన రికార్డరులో టేపు మెల్లగా నడుస్తుంది, ఇప్పుడు వింటే గొంతులు పిల్లల గొంతుల్లా పైకెళ్తాయి. కరెంటు మీద నడిచిన రేడియో అయితే అడుగున సన్నని గుయ్‌మనే రొద ఉంటుంది, అది 50 లేదా 100 హెర్ట్జ్. ఎవరూ మాట్లాడని రెండు సెకన్ల ముక్కను ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకుని, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే ప్లాట్ స్పెక్ట్రమ్‌లో సైజు 65536 పెట్టి చూడండి. 100 దగ్గర ఉండాల్సిన గీత 104 దగ్గర ఉంటే స్పీడు 3.85 శాతం తగ్గించాలి. అప్పట్లో మన గ్రిడ్ కూడా 50 మీద నిలిచేది కాదు కాబట్టి, ఒకటి రెండు శాతం తేడాకు కంగారుపడి సరిదిద్దకండి.

తేదీ విషయానికొస్తే, స్టేషన్ పేరుతోపాటు చెప్పే మీడియం వేవ్ కిలోహెర్ట్జ్ సంఖ్యను పట్టుకోండి. మీడియం వేవ్ కేంద్రాలు 1978 నవంబరు 23న కొత్త ఫ్రీక్వెన్సీ పట్టికలోకి మారాయి, అప్పట్నుంచి మన ఫ్రీక్వెన్సీలన్నీ తొమ్మిది గుణిజాలే. హైదరాబాద్ 738: అంకెలు కూడితే 18, తొమ్మిదితో పోతుంది. విజయవాడ 837 కూడా అంతే. తొమ్మిదితో పోని సంఖ్య చెబితే టేపు అంతకు ముందుది. 720, 810 లాంటివి పాత పట్టికలోనూ కుదురుతాయి, వాటిని నమ్మొద్దు. ఈ క్యాసెట్‌లో నాటకం అయ్యాక పదకొండు సెకన్లు మిగిలాయి, అందులో అనౌన్సర్ అన్నది 837. అంటే విజయవాడ కేంద్రం, 1978 నవంబరు తర్వాత. కొస కత్తిరిస్తే పోయేది ఇదే.

తేదీ తెలిస్తే ఎవరికి ఇవ్వొచ్చో కూడా కొంత తెలుస్తుంది. మన కాపీరైట్ చట్టంలో ప్రసార సంస్థ హక్కు, ప్రసారమైన మరుసటి ఏడాది మొదలు నుంచి 25 ఏళ్లు. 1985 ప్రసారానికి 2010తో అది తీరింది. కానీ నాటక రచయిత హక్కు ఆయన పోయాక 60 ఏళ్లు, నటీనటులది ప్రదర్శన నుంచి 50. కాబట్టి "రేడియోలో వచ్చిందేగా" అని మొత్తం నెట్‌లో పెట్టేయడం సబబు కాదు. రచయిత కుటుంబాన్ని అడగండి. ఈలోగా వివరాల పట్టిక పంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వెతికేవాళ్లకు సగం పని తీరుతుంది. క్యాసెట్ ఉత్తరాలైతే కాలంతో నిమిత్తం లేదు, ఆ ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే బయటపెట్టకండి.

వివరాల్లో విన్నది, ఊహించినది వేరువేరుగా రాయండి. "1978 నవంబరు తర్వాత, 837 అని విన్నాం కాబట్టి" అని కారణంతో సహా. క్యాసెట్‌ని పారేయకండి. చివరిదాకా ప్లే చేసి, ఫాస్ట్ ఫార్వర్డ్ కాకుండా మామూలు స్పీడులో చుట్టుకున్నట్టే ఉంచి, నిలువుగా నిలబెట్టండి. స్పీకర్లకు, మిక్సీకి దూరంగా.

ఇప్పుడు దీని రెండో వైపు పెడతాను. లెవెల్ చూసుకోవడానికి ఒకరు ఈ కుర్చీలోకి రండి.