దొరగారు సీమకు వెళ్తే

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతాల పాత మిషన్ కాంపౌండ్లలో ‘ఫర్లో’ అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. మిషనరీ కుటుంబం ఏళ్ల తరబడి ఇక్కడ పనిచేశాక, ఒక ఏడాదో ఏడాదిన్నరో స్వదేశంలో గడిపి వచ్చే సెలవు అది. సెలవన్నది పేరుకే. ఆ నెలల్లో అక్కడ జరిగిన పనే లేకపోతే మన వైపు కొన్ని సంస్థలు పుట్టేవే కావు.

తొలి తరంలో సెలవుకు ఒక లెక్కంటూ లేదు. ఒళ్లు పూర్తిగా పాడైతేనే ఓడెక్కేవారు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టిన శామ్యూల్ డే అలాగే వెళ్లారు. 1848లో భార్యాపిల్లల్ని అమెరికాలోనే ఉంచి, లైమన్ జూవెట్ దంపతులను వెంటబెట్టుకుని బయల్దేరి, మరుసటేడు నెల్లూరు చేరారు. తర్వాత జూవెట్‌కూ జబ్బు చేసింది. 1862లో ఆయన అమెరికాలో ఉండగానే, ఫలితం కనబడని ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామన్న మాట అక్కడి పెద్దల్లో వచ్చింది. మీరు పంపకపోయినా నేను తిరిగి వెళ్తానని ఆయన పట్టుబట్టారు. మిషన్ నిలిచింది. 1864 నవంబరు 30న బోస్టన్‌లో ఓడెక్కినప్పుడు ఆయన వెంట, తర్వాత ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ దంపతులున్నారు. మద్రాసు చేరేసరికి మరుసటేడు ఏప్రిల్. సూయజ్ కాలువ తెరుచుకున్నది 1869లో కదా, అంతవరకూ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సిందే.

తర్వాత ఆవిరి ఓడలొచ్చాయి, ఏడేళ్లకో అటూ ఇటుగానో ఒక సెలవు అనే పద్ధతి కుదిరింది. ఎండలు ముదరకముందే, మార్చిలోనో ఏప్రిల్లోనో బయల్దేరడం మేలు. జూన్ వచ్చిందంటే అరేబియా సముద్రంలో రుతుపవనాల పోటు, ఎర్రసముద్రంలో ఉక్క. చంటిపిల్లలున్నవాళ్లకు అది చాలా కష్టం.

ప్రయాణం కంటే పెద్ద తలనొప్పి ‘ఛార్జి’ అప్పగించడం. పక్క స్టేషన్, అంటే పక్క ఊరి మిషన్ కేంద్రం, మిషనరీకి లెక్కల పుస్తకాలు, తాళాలు, ఉపదేశకుల, ఇళ్లకు వెళ్లి బైబిలు చెప్పే ‘బైబిలు స్త్రీల’ జీతాల పట్టీ, బళ్లకు వచ్చే సర్కారు గ్రాంటు కాగితాలు, నడుస్తున్న కోర్టు వ్యవహారాలు అన్నీ ఒప్పజెప్పాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే. నోటి మాటగా ఇచ్చిన హామీలు కాగితం మీద ఉండవు. ఫలానా ఊరికి బడి కట్టిస్తామన్నారు దొరగారు అని ఊరివాళ్లు వచ్చి నిలబడితే కొత్తాయన ఏమంటాడు? అందుకే మనిషిని చూసి అప్పగించాలి. 1872లో క్లౌ దొర సెలవు మీద వెళ్లినప్పుడు ఒంగోలు బాధ్యత కెనడావాడైన జాన్ మెక్లారిన్‌కు వచ్చింది. రెండేళ్లూ పని ఆగలేదు. క్లౌ తిరిగొచ్చాక 1874లో మెక్లారిన్ కాకినాడ వెళ్లి కెనడియన్ బాప్టిస్టు మిషన్‌కు పునాది వేశారు.

మరి ఆ రెండేళ్లూ క్లౌ అక్కడ ఏం చేశారు? ఊరూరా తిరిగారు. కొత్త మిషనరీలను అడిగారు, పాస్టర్లను తయారుచేసే రామాపట్నం సెమినరీకి యాభై వేల డాలర్ల మూలధనం పోగుచేశారు. ఫర్లోలో ఉన్నవారి పని అదే: ఆదివారానికో చర్చి, మధ్యలో స్త్రీల సమాజాలు, సండే స్కూళ్లు. కొంతకాలానికి గాజు పలకల మీది బొమ్మల్ని తెర మీద పెద్దగా చూపించే మ్యాజిక్ లాంతరు తోడైంది. ఆ గాజు పలకే స్లైడు; అమెరికా స్లైడు ఒక వైపు మూడుంపావు అంగుళాలు, ఇంకో వైపు నాలుగు అంగుళాలు. ఒక్కోటీ కాగితంలో చుట్టి గాడులున్న చెక్కపెట్టెలో నిలువుగా పెట్టాలి. పడుకోబెట్టి పేరిస్తే రైలు కుదుపుకు అడుగువి పగులుతాయి. లాంతరులో స్లైడును తలకిందులుగా దూర్చాలి, లేకపోతే తెర మీద గుడిసె కప్పు కిందికి వస్తుంది. సభ నవ్వితే ఆ సాయంత్రం చందా గోవిందా.

చందాలోనూ చిక్కుంది. ఎదురుగా ఆసుపత్రి బొమ్మ చూసిన దాత ఆసుపత్రికే ఇస్తానంటాడు. మిషనరీలను పంపే బోర్డుకేమో సాధారణ నిధి నిండాలి, జీతాలు వెళ్లేది అందులోంచే. ఈ లాగులాటలో చాలామంది మిషనరీలు నలిగారు.

అసలు భారం పిల్లలది. ఆయా ఒడిలో తెలుగు నేర్చినవాళ్లకు తాతయ్య ఊరే పరాయి ఊరు. సెలవు ముగిశాక పెద్దపిల్లల్ని చదువుకని అక్కడే వదిలి రావాల్సి వచ్చేది. బాప్టిస్టులు అమెరికాలోని న్యూటన్ సెంటర్‌లో, గ్రాన్‌విల్‌లో మిషనరీ పిల్లల కోసం వసతి గృహాలు నడిపారు. 1901లో కొడైకెనాల్‌లో బడి పెట్టాక కొందరికైనా ఆ ఎడబాటు కొన్నేళ్లు వాయిదా పడింది. నివేదికల నిండా దొరల ఉపన్యాసాలే ఉంటాయి. ఈ బరువు మోసింది మాత్రం దొరసానమ్మలు.

తిరుగు ప్రయాణానికి సర్దేది కూడా వాళ్లే. రాబోయే ఏళ్లకు సరిపడా బట్టలు, బూట్లు. పిల్లల పాదం పెరుగుతుందని ఒక్కో సైజు పెంచుకుంటూ జతలు కొనాలి. తోలు వానాకాలం బూజు పడుతుంది కాబట్టి మూత గట్టిగా పట్టే రేకుపెట్టెలో పెట్టి, ఎండ కాసిన రోజు తీసి ఆరబెట్టాలి. బంగళాలో విడిచిన పుస్తకాలకు చెదల భయం. అందుకే బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి, అవి ఎండిపోకుండా చూసే మనిషిని ముందే కుదిర్చి వెళ్లేవారు. ఆ మనిషి మరిస్తే, కొత్త బట్టలతో వచ్చినవాళ్లు మొదట చేసే పని చెదలు తిన్న పుస్తకాల జాబితా రాసుకోవడం.