సత్రం చాలదా, ఇల్లే కావాలా?

(షాట్: తెల్లవారుజాము. తిరుపతి రైల్వే స్టేషన్ ముందు.)

ఇక్కడ పడుకున్నవాళ్లలో భక్తులెవరో, ఇల్లు లేనివాళ్లెవరో చెప్పగలరా? నేనైతే చెప్పలేను. అందరివీ ఒకే తీరు దుప్పట్లు, తలకింద ఒకే తీరు సంచులు. పొద్దెక్కితే భక్తులు కొండకు పోతారు, దర్శనం చేసుకుని ఊరికి పోతారు. మిగిలినవాళ్లు రాత్రికి మళ్లీ ఇక్కడికే వస్తారు.

తిరుపతి సత్రాల ఊరు. శ్రీనివాసం, విష్ణునివాసం, గోవిందరాజస్వామి సత్రాలు... వచ్చినవాడికి ఒక రాత్రి చోటివ్వడం ఈ ఊరికి బాగా తెలిసిన పని. కానీ సత్రం నడిచేది ఒక్క నమ్మకం మీదే: వచ్చినవాడు పోతాడని. ఇల్లు లేనివాళ్లు రాత్రి పడుకునే నైట్ షెల్టర్‌నీ మనం అదే లెక్కలో కట్టాం. వీళ్లు ఎక్కడికి పోవాలి?

(గ్రాఫిక్: లక్ష మందికి ఒక షెల్టర్)

నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరం 2.87 లక్షలు. అంటే దాదాపు మూడు షెల్టర్లు.

షెల్టర్ వద్దనడం లేదు. 2021 నవంబరు వానలకు ఊరు నీళ్లలో ఉన్నప్పుడు ఎవరికైనా ముందు కావలసింది ఆ రాత్రికి ఒక పైకప్పు. నెలల తరబడి అక్కడే ఉండాలంటే కథ వేరు. పక్కవాడి దగ్గు, సంచి పోతుందేమోనని టెన్షన్. మగవాళ్ల హాలు వేరు, ఆడవాళ్ల హాలు వేరు అయితే మొగుడూ పెళ్లాం కూడా విడివిడిగా పడుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తలుపు గొళ్ళెం మన చేతిలో ఉండదు.

(షాట్: తాళంచెవి, క్లోజప్)

పాత పద్ధతిలో ముందు తాగుడు మానాలి, మందులు వాడాలి, షెల్టర్‌లో బుద్ధిగా ఉండాలి. ఆ తర్వాతే ఇల్లు. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్ట్ ఈ వరసను తిరగేశాడు. ముందు తాళంచెవి, మిగతావి నిదానంగా. దీన్నే హౌసింగ్ ఫస్ట్ అంటారు. 2008 నుంచి ఫిన్లాండ్ దీన్నే ప్రభుత్వ విధానంగా నడిపింది. షెల్టర్ భవనాలనే ఫ్లాట్లుగా మార్చి, ఉండేవాళ్ల పేరుతోనే అద్దె ఒప్పందాలు రాసింది.

ఇల్లిస్తే తాగుడు దానంతటదే పోతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. 2009లో కెనడా ఐదు నగరాల్లో సుమారు రెండు వేల మందితో పరీక్షించి చూసింది. మానసిక జబ్బు, మత్తు విషయంలో పెద్ద తేడా రాలేదు. కానీ ఇల్లు అందినవాళ్లు మిగతావాళ్లకంటే చాలా ఎక్కువగా ఆ ఇంట్లోనే నిలబడ్డారు. నాకు ఆ ఫలితం చిన్నదేం కాదు.

(షాట్: ఊరి బయట లేఅవుట్, రాళ్లు పాతిన ప్లాట్లు)

మన దగ్గర ఇవ్వలేదా అంటారు. ఇచ్చారు. 2020 డిసెంబరులో శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో పేదలకు ఇళ్ల స్థలాల పట్టాలు పంచారు. ఆ పథకంలో పట్టణాల్లో ఒక్కో కుటుంబానికి ఒక సెంటు ఇచ్చారు. అర్హతకు రేషన్ కార్డు ఉండాలన్నారు. ఫుట్‌పాత్ మనిషికి కార్డుకు అడ్రస్ లేదు, అడ్రస్‌కు ఇల్లు లేదు, ఇంటికి కార్డు లేదు!

కార్డు ఉన్నా, గుడి ముందు పూలు కట్టే ఆమెకు ఊరి బయట సెంటు స్థలం ఇస్తే తెల్లవారుజామున పనికెట్లా వస్తుంది? పైగా అది స్థలమే, ఇల్లు కట్టుకోవాలి. నన్నడిగితే ఆమెకు కావలసింది ఊళ్లోనే ఒక చిన్న అద్దె గది. అడ్వాన్స్ అడగకూడదు. వారానికోసారి ఎవరో ఒకరు వచ్చి మంచీచెడూ చూసిపోవాలి. ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లను వలస కూలీలకు అద్దెకిచ్చే పథకాన్ని కేంద్రం 2020లోనే పెట్టింది కాబట్టి, ఇదేం ఆకాశంలోంచి ఊడిపడ్డ ఆలోచన కాదు.

మరి అద్దె? న్యూయార్క్‌లో వచ్చే ఆదాయంలో 30 శాతం తీసుకున్నారు. మన దగ్గర 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000. అందులో 30 శాతమంటే 1,200. ఒంటరి ముసలాయన కట్టగలడు. కాకపోతే పింఛను అర్జీలోనూ అడ్రస్ రాయాలి.

(షాట్: స్టేషన్ ముందు ఖాళీ అయిన ఫుట్‌పాత్. గోడకు ఆనించిన ఒక సంచి.)