ఆయిల్ సీలు మార్చే ముందు బ్రీదర్ పైపు చూడండి

మిత్రులారా, నమస్కారం.

షెడ్డుకి ఒక బండి వస్తుంది. హెడ్ కవర్ ప్యాకింగ్ దగ్గర ఆయిల్ చెమ్మ. ప్యాకింగ్ మారుస్తారు. నెల తిరక్కుండా క్రాంక్ సీలు (తిరిగే క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు) దగ్గర కారుతుంది. సీలు మారుస్తారు. తర్వాత డిప్ స్టిక్ గొట్టంలోంచి పైకి తన్నుతుంది. మూడు బిల్లులయ్యాయి. అసలు జబ్బు మాత్రం జానెడు రబ్బరు పైపులో, అంటే ఇంజిన్ లోపల చేరిన గ్యాసుని బయటికి తీసుకుపోయే బ్రీదర్ పైపులో ఉంది.

పిస్టన్ రింగు ఎంత కొత్తదైనా దాని రెండు కొసల మధ్య సందు ఉండి తీరాలి. లేకపోతే వేడికి సాగి బోరును పట్టేస్తుంది. చిన్న కార్లలో ఆ సందు మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతులు. మంట పుట్టిన ప్రతిసారీ కొంత గ్యాసు అందులోంచీ రింగుల పక్కనుంచీ క్రాంక్ కేసులోకి (పిస్టన్ల కింద ఆయిల్ ఉండే గదిలోకి) దిగుతుంది. దీన్నే బ్లోబై అంటాం. అందులో కాలని పెట్రోలు, మసి, నీటి ఆవిరి ఉంటాయి. లీటరు పెట్రోలు కాలితే పుట్టే ఆవిరిని చల్లబరిస్తే దాదాపు లీటరు నీళ్లవుతాయి. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండికి ఆయిల్ క్యాప్ కింద మీగడలాంటి తెట్టు కట్టేది అందుకే. అది కనబడగానే హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలిసిందని భయపెట్టకండి. ముందు కూలెంట్ తగ్గుతోందా లేదా చూడండి.

దిగిన గ్యాసుకి బయటికి దారి లేకపోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. హెడ్ కవర్ 40 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు అనుకోండి. లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 100 గ్రాములే పెరిగిందనుకోండి. టైరులో కొట్టే గాలిలో అది ఇరవయ్యో వంతు. అయినా కవర్‌ని 40 కిలోల బలంతో పైకి తోస్తుంది. క్రాంక్ సీలు పెదవి ఆయిల్ చిమ్మకుండా ఆపడానికి చేసింది గానీ, లోపలి గాలిని ఆపడానికి కాదు.

పూర్వం ఈ గ్యాసుని ఒక గొట్టంతో ఇంజిన్ కిందికి వదిలేసేవారు. పాత ట్రాక్టర్ల కింద ఆ గొట్టం, దాని చివర ఆయిల్ బొట్టు ఇప్పటికీ చూస్తాం. కాలిఫోర్నియాలో స్మాగ్ (బండ్ల పొగతో గాలి మసకబారడం) సమస్య ముదిరాక 1961 మోడల్ కార్ల నుంచి అక్కడా, 1963 మోడళ్ల నుంచి అమెరికా అంతటా ఆ గ్యాసుని మళ్లీ ఇంజిన్‌కే పీల్పించి కాల్చే పద్ధతి వచ్చింది. అదే పీసీవీ.

పెట్రోలు ఇంజిన్‌లో సాధారణంగా రెండు పైపులుంటాయి. ఒకటి ఎయిర్ ఫిల్టర్ తర్వాత నుంచి హెడ్ కవర్‌కి మంచి గాలి తెస్తుంది. రెండోది పీసీవీ వాల్వ్ ద్వారా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలకి) చెడ్డ గాలిని తీసుకుపోతుంది. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) మానిఫోల్డ్ గట్టిగా పీలుస్తుంది కాబట్టి వాల్వ్ సన్నగా తెరుచుకుంటుంది. లోడ్ పడితే పీల్పు తగ్గుతుంది, వాల్వ్ బాగా తెరుచుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గ్యాసు ఎక్కువై మొదటి పైపులోంచే వెనక్కి వస్తుంది. అందుకే ఆ పైపు లోపల పల్చటి ఆయిల్ పొర మామూలే. ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ నిలిస్తే మాత్రం మామూలు కాదు. దానికి ముందు డిప్ స్టిక్ చూడండి. ఆయిల్ అధికంగా పోసిన బండి కూడా ఇదే పని చేస్తుంది.

పరీక్షకి మీటర్లక్కర్లేదు. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ క్యాప్ తీసి, ఆయిల్ పోసే ఆ నోటి మీద పల్చటి పాలిథిన్ కవర్ పరచండి. మెల్లగా లోపలికి పీల్చుకుంటే బాగున్నట్టు. ఉబ్బి పైకి లేస్తే లోపల ఒత్తిడి ఉంది. గట్టిగా లాగేసి ఈల వేస్తుంటే వాల్వ్ తెరుచుకుని ఉండిపోయిందో, దానిలోని డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగిందో అన్నమాట. డీజిల్‌లో కొద్దిగా ఊదడం తప్పు కాదు.

పాలిథిన్ కవర్ ఉబ్బింది సరే, తప్పు పైపుదా, రింగులదా? బ్రీదర్ పైపుని హెడ్ కవర్ దగ్గర ఊడదీసి మళ్లీ చూడండి. ఉబ్బు పోతే పైపో వాల్వో మూసుకుంది. అప్పుడూ ఆ మూతిలోంచి రైలింజన్‌లా పొగ తన్నుతుంటే రింగులో బోరో అరిగింది, కంప్రెషన్ చూడాల్సిందే. ఈ పరీక్షలో ఇన్‌టేక్ వైపు నోటికి గుడ్డ మాత్రం కుక్కకండి, టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంపు) ఉన్న బండిలో అది మింగేస్తుంది. గట్టి ప్లాస్టిక్ మూత పెట్టండి.

పైపుకి పగులు వస్తే జబ్బు వేరేగా ఉంటుంది. సెన్సార్ లెక్కించని గాలి లోపలికి పోతుంది. ఐడిల్ ఊగుతుంది, స్కానర్‌లో పీ0171 కోడ్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని) రావచ్చు. పగులు సాధారణంగా వంపు కింది భాగంలో, కంటికి ఆనని చోట ఉంటుంది. పైపుని వంచి, బొటనవేలితో నొక్కుతూ చూడండి. కొన్ని పైపుల లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంది. ఒక వైపు నుంచి ఊదితే గాలి పోతుంది, రెండో వైపు నుంచి పోదు. బయటికి మాత్రం కొత్తదానిలా మెరుస్తుంటుంది!

డీజిల్‌లో ఇది ప్రాణం మీదికి కూడా వస్తుంది. రింగులు పోయిన ఇంజిన్ బ్రీదర్ ద్వారా తన ఆయిల్‌నే పీల్చి ఇంధనంగా కాల్చుకుంటుంది. తాళం తీసినా ఆగదు, వేగం పెరుగుతూనే పోతుంది. గేరు బండైతే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలేయాలి. లేదా చెక్క పలకతో గాలి మూతి మూసేయాలి. చెయ్యి అడ్డం పెట్టొద్దు.

ఇక బిగించే సంగతి. రేడియేటర్ పైపు ముక్క కోసి పెట్టడం మన దగ్గర అలవాటు. ఆ రబ్బరు నీళ్లకి నిలుస్తుంది గానీ ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది. ఆయిల్‌ని తట్టుకునే నైట్రైల్ రకమో, కంపెనీ పైపో, అదే లోపలి వ్యాసంతో వేయాలి. పాతది తీసేటప్పుడు లాగకుండా ముందు తిప్పండి, ప్లాస్టిక్ మూతి విరగదు. కార్బ్ క్లీనర్ రబ్బరు మీద, డయాఫ్రమ్ మీద కొట్టకండి. కడగాల్సి వస్తే సబ్బు నీళ్లు చాలు, పూర్తిగా ఆరనివ్వండి. నీళ్లు నిలిచేలా మధ్యలో పల్లం ఉండకూడదు.

బిగించాక పాలిథిన్ కవర్ పరీక్ష మళ్లీ చేయండి. కారిన చోటంతా శుభ్రంగా తుడిచి, బండిని రెండు వందల కిలోమీటర్లు తిరగనివ్వండి. అప్పటికీ చెమ్మ వస్తుంటేనే సీలు ఆర్డరు పెట్టండి.